పిడికెడు బియ్యంతో పరలోకం?

*మంచిపనులు చేస్తే మోక్షం వస్తుందా? నమ్మితే చాలా? అయిదొందల ఏళ్ల కిందట యూరప్‌ని నిలువునా చీల్చిన ప్రశ్న ఇది. గోదావరికి ఇరువైపులా ఉన్న కరీంనగర్‌, ఆదిలాబాద్‌ పల్లెల్లో మాత్రం అది వేరే రూపాల్లో వచ్చింది... ఆకలిగా, రోగంగా, చివరికి ఓ కులం సర్టిఫికెట్‌గా!*

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. బియ్యం ఏరి గిన్నెలో పోసిన ఇల్లాలు, కడగబోయే ముందు అందులోంచి ఓ పిడికెడు తీసి గోడవారగా ఉన్న చిన్న కుండలో వేస్తుంది. మళ్లీ రాత్రి వంటకి మరో పిడికెడు. ఆదివారం నాటికి మానెడు దాకా అవుతాయి. వాటిని మూటగట్టుకుని గుడికి తీసుకెళ్లి కానుకగా ఇస్తుంది.

తెలంగాణలోని పాత క్రైస్తవ కుటుంబాల్లో పెద్దవాళ్లకి బాగా తెలిసిన అలవాటిది. మన దేశంలో ఆంగ్లికన్‌ సంఘానికి తొలి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్‌.అజరయ్య హయాంలో డోర్నకల్‌ ప్రాంతపు సంఘాలు ఈ ‘పిడికెడు బియ్యం’తో పేరు తెచ్చుకున్నాయి. ఇచ్చేవాళ్లు సంపన్నులేం కాదు. చాలామంది కూలికి వెళితేగానీ పొయ్యి వెలగని ఆడవాళ్లు. జీతం మీద దశమభాగం లెక్కగట్టి ఇవ్వడానికి వాళ్లకు జీతాల్లేవు. అందుకే తినే తిండిలోంచే తీసి ఇచ్చారు.

మరి ఆ బియ్యంతో పరలోకం దొరుకుతుందా? ఈ మాట సంఘకాపరిని అడిగితే ‘దొరకదు’ అనే చెబుతారు. అలాగైతే వేయడం మానేయొచ్చా అంటే, ‘మానకూడదు’ అని కూడా ఆయనే చెబుతారు. వినేవాళ్లకు ఇది తిరకాసులా ఉంటుంది. కానీ రెండువేల ఏళ్ల క్రైస్తవ వాదోపవాదాల సారమంతా ఈ రెండు జవాబుల మధ్యే ఉంది.

పుణ్యం చిట్టాలో పడదా?

తెలుగువాళ్లకి పుణ్యం లెక్క కొత్తేం కాదు. ఎండాకాలం చలివేంద్రం పెడితే పుణ్యం. ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే పుణ్యం. పైన చిత్రగుప్తుడు కూచుని అన్నీ రాస్తుంటాడని మన నమ్మకం. క్రైస్తవ సభల్లో ప్రసంగీకులు ‘మీరు రక్షణ పొందారా?’ అని అడిగినప్పుడు, బయటినుంచి వెళ్లినవాళ్లు సహజంగానే ‘నేనెవరికీ అన్యాయం చెయ్యలేదే’ అనుకుంటారు. అక్కడే తేడా కొడుతుంది. ఎంత మంచి చేసినా పాపం అప్పు తీరదు, అది క్రీస్తు సిలువ మీద తీర్చేశాడు, నువ్వు చెయ్యాల్సింది నమ్మి అందుకోవడమే అంటుంది క్రైస్తవం. ఆ మాటకు మూలం అపొస్తలుడైన పౌలు పత్రికలు. కూలి చేసినవాడికి ఇచ్చేదాన్ని కూలి అంటాం గానీ బహుమానం అనం కదా! రక్షణ బహుమానం కాబట్టి దానికి కూలి లెక్క వర్తించదన్నది ఆయన తర్కం.

సరే, అంతటితో అయిపోతే బావుండేది. అదే కొత్త నిబంధనలో యాకోబు పత్రిక కూడా ఉంది. ఒంటిమీద బట్టలేనివాడికి, తిండిలేనివాడికి ఏమీ ఇవ్వకుండా చల్లగా ఉండు నాయనా అని పంపేస్తే ఆ మాటకు ఏం విలువ అని యాకోబు నిలదీస్తాడు. క్రియలు లేని విశ్వాసం పీనుగుతో సమానమన్నది ఆయన వాదం. చిత్రమేమిటంటే ఇద్దరూ సాక్ష్యానికి పిలిచింది అబ్రాహామునే. నమ్మాడు కాబట్టే అబ్రాహామును నీతిమంతుడిగా ఎంచారని పౌలు అంటే, కొడుకును బలిపీఠం మీదికి తెచ్చిన పని వల్లే కదా అంటాడు యాకోబు. ఒకే సాక్షి, రెండు వాంగ్మూలాలు!

సువార్తల్లోనూ ఇంతే. యేసు పక్కన సిలువ వేసిన దొంగ జీవితంలో ఒక్క మంచిపని చేసినట్టు ఎక్కడా లేదు. చివరి ఘడియలో నన్ను గుర్తుపెట్టుకోమని అడిగాడంతే... పరదైసు దొరికింది. కానీ మత్తయి సువార్తలో తీర్పు దినం దృశ్యం చూస్తే, అక్కడ అడిగిన ప్రశ్నలన్నీ అన్నం పెట్టావా, నీళ్లిచ్చావా, రోగిని చూడబోయావా అనే! ఏం నమ్మావన్న ప్రశ్నే కనబడదు.

గడ్డితో పోల్చిన లూథర్‌

16వ శతాబ్దపు జర్మనీలో ఈ తగువు రచ్చకెక్కింది. రోమ్‌లో సెయింట్‌ పీటర్స్‌ ఆలయ నిర్మాణానికి డబ్బు కావాల్సి వచ్చి, పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ పత్రాలు పంచి విరాళాలు పోగుచేశారు. జనం వాటిని సంతలో సరుకులా కొన్నారు. మార్టిన్‌ లూథర్‌ అనే సన్యాసి దానిమీద మండిపడి 1517 అక్టోబరు 31న 95 అంశాలతో సవాలు విసిరాడు. నమ్మకం ఒక్కటే మనిషిని దేవుడి ముందు నిలబెడుతుందన్నది ఆయన పట్టు. ఆ ఊపులో యాకోబు పత్రికను 1522లో గడ్డితో పోల్చాడు కూడా. అయినా బైబిల్లోంచి తీసెయ్యలేదనుకోండి.

కేథలిక్‌ సంఘం ట్రెంట్‌ మహాసభలో, 1547 జనవరిలో, ‘విశ్వాసం ఒక్కటే’ అన్న వాదాన్ని తోసిపుచ్చింది. అలాగని క్రియలతో స్వర్గం కొనుక్కోవచ్చని ట్రెంట్‌ చెప్పలేదు. దేవుడి కృప లేకుండా మనిషి తన పనులతో నీతిమంతుడు కాలేడనే చెప్పింది. కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాడు చెప్పిన మాటలో సగమే వినబడుతుంది. రెండు పక్షాలవాళ్లూ నాలుగు శతాబ్దాలపాటు ఆ సగమే విన్నారు.

కరీంనగర్‌కు వచ్చిన వెస్లీ

కరీంనగర్‌లోని సీఎస్‌ఐ కెథెడ్రల్‌ పేరు వెస్లీ కెథెడ్రల్‌. ఆ పేరుగల జాన్‌ వెస్లీ ఇండియాకి ఎన్నడూ రాలేదు. ఆయన 18వ శతాబ్దపు ఆంగ్ల బోధకుడు. మతప్రచారానికి అమెరికా వెళ్లి, తనకే విశ్వాసం లేదన్న దిగులుతో తిరిగొచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఓ చిన్న ప్రార్థన కూటంలో ఎవరో చదువుతుంటే విన్నాడు. చదువుతున్నది పౌలు రోమా పత్రికకు లూథర్‌ రాసిన ముందుమాట! ఆ రోజే తన గుండె వెచ్చబడిందని రాసుకున్నాడు. అంటే మెథడిస్టు సంఘం పుట్టిందే ‘విశ్వాసం ఒక్కటే’ అన్న గట్టుమీద.

కానీ అదే వెస్లీ 1746లో లండన్‌లో పేదలకు మందులిచ్చే కేంద్రం తెరిచాడు. మరుసటేడాది ఇంటి వైద్యం మీద పుస్తకం వేశాడు. నమ్మాం కాబట్టి ఇక ఏం చేసినా ఫర్వాలేదనేవాళ్లతో జీవితాంతం పోట్లాడాడు. సమయం, అవకాశం ఉన్నవాడికి మంచిపనులు తప్పనిసరి, సిలువ మీది దొంగకి ఆ రెండూ లేవు కాబట్టి మినహాయింపు అని ఆయన తేల్చాడు. పెద్ద పెద్ద గ్రంథాలకన్నా ఈ వివరణే బావుంటుంది. ఎందుకంటే మనలో చాలామందికి సమయం, అవకాశం రెండూ ఉన్నాయి!

ఆయన వారసులైన వెస్లియన్‌ మెథడిస్టు మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యంలోకి వచ్చారు. సికింద్రాబాద్‌, కరీంనగర్‌, సిద్దిపేట, మెదక్‌, గోదావరి ఒడ్డునున్న లక్సెట్టిపేట వాళ్ల కేంద్రాలయ్యాయి. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో మందుల పెట్టె. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా... అదే సీఎస్‌ఐగా... ఏర్పడ్డాయి. కరీంనగర్‌ 1978లో విడిగా డయాసిస్‌ అయింది.

మంచిర్యాలలో ఇంకో పిడికెడు

లక్సెట్టిపేట నుంచి గోదావరి వెంబడే కిందికి కాస్త దూరం వెళితే మంచిర్యాల. ఒకప్పటి ఆదిలాబాద్‌ జిల్లా పట్టణం. 2016 నుంచి అదే జిల్లా కేంద్రం, లక్సెట్టిపేట కూడా అందులోనే ఉంది. ఇక్కడ కేథలిక్కుల కథ వేరు. వాళ్లది కేరళ నుంచి వచ్చిన సీరో మలబార్‌ సంప్రదాయం. కార్మలైట్‌ (సీఎంఐ) గురువులు 1960లలో మహారాష్ట్ర వైపున్న చాందా కేంద్రంగా పని మొదలుపెట్టారు. ఆదిలాబాద్‌ అప్పట్లో ఆ చాందా మేత్రాసనంలో భాగం. 1999లో విడదీసి ఆదిలాబాద్‌ మేత్రాసనం ఏర్పాటు చేసినప్పుడు పీఠం మంచిర్యాలలోనే పెట్టారు.

మాటల్లోనూ తేడాలే. కరీంనగర్‌ సీఎస్‌ఐ వాళ్లు బాప్తిస్మం అంటే, మంచిర్యాల కేథలిక్కులు జ్ఞానస్నానం అంటారు. అక్కడ అయ్యగారు, ఇక్కడ ఫాదర్‌గారు. అక్కడ ప్రభువు బల్ల, ఇక్కడ దివ్యబలిపూజ. క్రియల మీద కేథలిక్కులు పెట్టే పట్టింపు కూడా ఎక్కువే. ఉపవాసకాలం తపస్సు, పాపసంకీర్తనం, దానధర్మాలు వాళ్ల విశ్వాస జీవితంలో విడదీయరాని భాగాలు.

కానీ ఒక్క విషయం చూడండి. ఈ కార్మలైట్‌ సభను 1831లో కేరళలోని మాన్నానంలో మొదలుపెట్టినవాళ్లలో కురియాకోస్‌ ఎలియాస్‌ చావరా ఒకరు. 2014లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. గుడి పక్కన బడి ఉండాల్సిందేనని 1864లో ఆదేశం ఇచ్చిన మనిషి. బడికొచ్చే పేదపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడానికి ఆయన ఎంచుకున్న మార్గం ఏమిటో తెలుసా? ప్రతి ఇల్లాలూ వంట బియ్యంలోంచి ఒక పిడికెడు తీసిపెట్టడం! మలయాళంలో దాన్ని ‘పిడియరి’ అంటారు. సిద్ధాంతంలో చెరో ఒడ్డునున్నవాళ్లు వంటింట్లోకి వచ్చేసరికి ఒకే కుండ దగ్గర కలిశారన్నమాట.

అన్నం కోసం వచ్చారా?

ఇక్కడ ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటుంది. మంచిపని విశ్వాసానికి ఫలం అనుకుందాం. కానీ ఆ మంచిపనే ఎరగా మారితే?

కరీంనగర్‌ పొరుగున మెదక్‌లో మిషనరీ చార్లెస్‌ వాకర్‌ పోస్నెట్‌ కట్టించిన మహాదేవాలయం సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అది కరవు కాలం. జనం పని చేశారు, తిండిగింజలు తీసుకున్నారు. ఉచితంగా పంచకుండా పని ఇచ్చి పెట్టారన్నది ఇప్పటికీ మెచ్చుకోలుగా చెప్పుకునే మాట. అయితే ఇలాంటి సాయాల వెంటే, తిండికోసం మతం మారారన్న ఎత్తిపొడుపు కూడా దేశమంతటా పుట్టింది. సేవ చెయ్యదలిస్తే ప్రతిఫలంగా మతమార్పిడి ఆశించకుండా చెయ్యమని గాంధీజీ 1930లలో ‘హరిజన్‌’ పత్రికలో పదేపదే రాశారు. అజరయ్యతో ఆయనకు పేచీ వచ్చింది కూడా ఈ విషయం మీదే.

ఆ విమర్శను తేలిగ్గా కొట్టేయలేం. ఆకలిగా ఉన్నవాడి ముందు అన్నం, దేవుడు రెండూ ఒకే చేతిలోంచి వస్తే దేన్ని చూసి వచ్చాడో చెప్పడం కష్టం. కానీ ఆ ఎత్తిపొడుపులో కూడా ఓ అన్యాయం ఉంది. పై కులాలవాడు గుడికి వెళ్లి ఉద్యోగం కోసం మొక్కుకుంటే అది భక్తి... వెట్టిచాకిరీలో నలిగిన మాల మాదిగ కుటుంబం పిల్లాడికి బడి దొరికిందని సంఘంలో చేరితే అది ఆశపోతుతనమా? అప్పటి పల్లెల్లో ఆ వాడల పిల్లలకి బడిగుమ్మం తొక్కడమే గగనం. బతుకులో మార్పు, నమ్మకం రెండూ కలగలిసి వస్తే ఎక్కడ గీత గీస్తారు? గింజల కోసమే వచ్చినవాళ్లయితే, తర్వాతి రోజుల్లో తమ గింజల్లోంచే పిడికెడు తీసి ఇవ్వాల్సిన పనేముంది?

నర్సాగౌడ్‌ సంగతేమిటి?

కరీంనగర్‌కి పడమట, నిజామాబాద్‌ దగ్గర డిచ్‌పల్లి ఉంది. కుష్ఠురోగుల ఆసుపత్రిగా ఒకప్పుడు దేశమంతా తెలిసిన పేరు. స్కాట్లండ్‌ నుంచి 1907లో వచ్చిన వైద్యురాలు ఇసబెల్‌ కెర్‌, ఆమె భర్త జార్జి కెర్‌ వెస్లియన్‌ మిషన్‌ తరఫున నడిపిన దవాఖాన అది. ఊరు వెలేసినవాళ్లను, అయినవాళ్లే గడపలోకి రానివ్వనివాళ్లను అక్కడ చేర్చుకున్నారు. ఆ రోజుల్లో కుష్ఠుకు సరైన మందే లేదు. చాల్‌మోగ్రా గింజల నూనెను సూదిమందుగా ఎక్కించేవారు. నొప్పి భరించడం కష్టంగా ఉండేది. ఆమెకు 1923లో కైజర్‌-ఇ-హింద్‌ పతకం వచ్చింది. 1932లో కన్నుమూశారు.

ఈ ఆసుపత్రి 1915లో మొదలవడానికి పెద్ద విరాళం ఇచ్చిన మనిషి క్రైస్తవుడు కాదు. నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్‌. ఇప్పుడు లెక్క వెయ్యండి. మత్తయి సువార్తలోని తీర్పు దృశ్యంలో అడిగిన ప్రశ్నల్లో రోగిని చూడబోయావా అన్నదానికి ఆయన జవాబు తయారుగానే ఉంది. కానీ పౌలు అడిగే విశ్వాసం? మిషనరీలకు అంత దగ్గరగా మెలిగినవాడు, వాళ్ల సువార్త వినే ఉంటాడు.

‘నమ్మకం లేదు కాబట్టి లేదు’ అని కటువుగా చెప్పే బోధకులు నిన్నా ఉన్నారు, నేడూ ఉన్నారు. అయితే సంఘాలన్నీ అంత తొందరపడలేదు. రెండో వాటికన్‌ మహాసభ 1964లో, తమ తప్పు లేకుండానే క్రీస్తును ఎరుగనివాళ్లు మనస్సాక్షి ప్రకారం దేవుణ్ని వెతికితే వాళ్లకీ రక్షణ సాధ్యమేనంది. వాళ్లను కూడా రక్షించేది కృపే తప్ప పుణ్యం కాదని కలిపింది. వెస్లీ కూడా క్రైస్తవేతరులందర్నీ నరకానికి పంపే అధికారం తనకెవరూ ఇవ్వలేదన్నట్టే రాశాడు. నర్సాగౌడ్‌ డబ్బుతో కట్టిన గదుల్లో పడుకున్న రోగులను అడిగి ఉంటే ఈ చర్చలో ఎటువైపు ఓటేసేవారో ఊహించడం కష్టం కాదు.

కాగితం మీద దేవుడు

స్వతంత్రం వచ్చాక ఈ ప్రశ్న మరో వేషంలో వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మాల మాదిగ కుటుంబాలు బాప్తిస్మం పుచ్చుకున్నట్టు రికార్డయితే బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలోకి పోవాల్సిందే. ఈ అంశాన్ని పరిశీలించేందుకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్‌ కె.జి.బాలకృష్ణన్‌ కమిషన్‌ను వేసింది.

దీంతో ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఓ కొత్త రకం విశ్వాసి తయారయ్యాడు. ప్రతి ఆదివారం గుడిలో ఉంటాడు. పాటలన్నీ కంఠతా వచ్చు. పిల్లల చదువు, ఉద్యోగం తలుచుకుని బాప్తిస్మం దగ్గర మాత్రం ఆగిపోతాడు. మనసులో నమ్మితే చాలదా అయ్యగారూ అని అడుగుతాడు. విశ్వాసం ఒక్కటే చాలని అయిదొందల ఏళ్లుగా బోధించిన సంఘం, నోటితో ఒప్పుకోవడం, బాప్తిస్మం కూడా అవసరమే కదా అని నీళ్లు నమలాల్సి వస్తోంది. యాకోబు అడిగిన ‘క్రియ’ ఇక్కడ దానం కాదు... బిడ్డ సీటు వదులుకోవడం. వేదాంత పండితులు ఈ కుటుంబాల ముందు కాస్త గొంతు తగ్గించి మాట్లాడటం మర్యాద.

ఆగ్స్‌బర్గ్‌లో సంతకాలు

మంచిర్యాల పీఠం ఏర్పడిన 1999లోనే, లూథర్‌ సవాలు విసిరిన అక్టోబరు 31వ తేదీనే, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులు, లూథరన్లు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన అర్హత వల్ల కాదు, క్రీస్తు మీద విశ్వాసంతో, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు. అలా అంగీకరించినవాణ్ని మంచిపనులకు సిద్ధం చేస్తాడు, పిలుస్తాడు. క్లుప్తంగా అందులో ఉన్న ఒప్పుదల ఇదీ. తేడాలన్నీ పోయాయని మాత్రం అనలేదు. 2006లో సియోల్‌లో ప్రపంచ మెథడిస్టు మండలి ఇందులో చేరింది. 2016లో ఆంగ్లికన్లు దీని సారాన్ని ఆమోదించారు. 2017లో రిఫార్మ్‌డ్‌ సంఘాలు లూథర్‌ ఊరు విట్టెన్‌బర్గ్‌లోనే సంతకం పెట్టాయి. సీఎస్‌ఐ ఈ మూడు కుటుంబాల్లోనూ సభ్యురాలే. ఆ లెక్కన కరీంనగర్‌ వెస్లీ కెథెడ్రల్‌, మంచిర్యాల పీఠం ఈ విషయంలో ఒకే మాట మీదికి వచ్చినట్టే.

ఈ ఒప్పందం గురించి విన్నవాళ్లు పల్లె సంఘాల్లో తక్కువే. అక్కడ పంటల పండుగ నాడు విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, కొబ్బరికాయలు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బియ్యం మూటలన్నీ ఒకే గోనెలోకి పోసేస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కొలువున్నవాళ్లవి, కూలివాళ్లవి అన్నీ కలిసిపోతాయి. పాట ఎక్కువ పాడినవాళ్లు గోనెను భుజానెత్తుకుని ఇంటికి పోతారు. మర్నాడు పొద్దున వంటకి అందులోంచే గిన్నెలో పోసుకుని, కడగబోయే ముందు ఓ పిడికెడు తీసి పక్కన పెడతారు.